సడక్ పక్క చింతచెట్టు ఎవరిది, మొరం గుంత ఎవరిది?

ఈ పోస్టు కొంచెం పెద్దగనే ఉంటది. పొద్దుగాల పని ఉన్నోళ్లు రాత్రి అన్నం తిన్నంక చదువుండ్రి.

మొన్న ప్రజ్ఞాపూర్ చౌరస్తా కాడ చాయ్ తాగుతుంటే రింగురోడ్డు ముచ్చట వచ్చింది. ఎవరికి ఎంత భూమి పోతది, ఎకరానికి ఎంత కట్టిస్తరు అనే మాటలే ఎక్కువ. అందులో ఒక పెద్దమనిషి, ఆయన భూమి పోతలేదు, మెల్లగ అడిగిండు: "నా పొలం రోడ్డుకు కింది దిక్కు ఉంటది. మీది కెళ్లి వచ్చే వాగు నీళ్లు కట్ట పోసినంక ఆగిపోతే నేను ఎవల్ని అడగాలె?" ఎవరి దగ్గరా జవాబు లేదు. నా దగ్గర సుత అప్పుడు లేదు. కానీ ఈ ప్రశ్న నాకు కొత్త కాదు, నేను దీని వెనుక మూడేండ్లు తిరిగినోన్ని. అందుకే చదివినవి, చూసినవి ఒక్కకాడ పెట్టి రాస్తున్న. రోడ్డు వేసే డిపార్ట్‌మెంట్లలో చెట్టు, మట్టి, నీళ్ల సంగతి చూసే బాధ్యత మొదట ఎవరిది, తర్వాత ఎవరి చేతికి పోయింది, ఇప్పుడు ఎన్ని ముక్కలైంది అన్నదే ఈ కథ.

ముందు చెట్ల నుంచి మొదలుపెడతా. బాటల పక్క మర్రిచెట్లు నాటించిన, బాయిలు తవ్వించిన అని అశోకుడు స్తంభాల మీదనే చెక్కించుకున్నడు. అంటే రెండు వేల ఏండ్ల కిందనే బాట వేసినోడిదే నీడ బాధ్యత. మన దిక్కు నిజాం కాలంల సడకుల పక్క మర్రి, చింత, వేప పెట్టిన్రు. నా చిన్నప్పుడు, అంటే డెబ్బైలలో, మా ఊరి నుంచి గజ్వేల్ పోయే తొవ్వల చింతచెట్లకు తెల్లసున్నం, జాజు పట్టీలు, మధ్యల నంబరు ఉండేది. ఏడాదికొకసారి చింతకాయ వేలం పాడేటోళ్లు. చెట్టు కొమ్మ నరికితే గ్యాంగు కూలీ ఇంటిదాక వచ్చి లొల్లి పెట్టేది. ఆయనకు మూడు నాలుగు కిలోమీటర్ల సడక్ అప్పజెప్పి ఉండేది. గుంత పూడ్చుడు ఆయనే, మోరీల చెత్త తీసుడు ఆయనే, చెట్టుకు కంప కట్టుడు ఆయనే. నీళ్లు ఆగినయంటే ఊళ్లె అందరికీ తెలుసు ఎవల్ని పిలవాలెనో.

అది బంగారు కాలమని నేను అనను. వెట్టి కూడా ఆ కాలందే. నిజాం రైల్వే వాళ్లు 1932లో బస్సులు మొదలుపెట్టినప్పుడు మొత్తం 27 బస్సులే. రోడ్డు సన్నగ ఉండేది, బండి మెల్లగ పోయేది, కట్ట ఎత్తు మోకాలు దాటేది కాదు. అంత చిన్న రోడ్డు వాగుకు అడ్డం పడ్డా వాగే దాన్ని దాటుకొని పోయేది. ఇప్పుడు వేసే రోడ్డు వేరు. రెండు తాటిచెట్ల ఎత్తున కట్ట పోసే జాగాలు ఉన్నయి. వాగు దాన్ని దాటలేదు. కాబట్టి పాత పద్ధతితోనే నడవదు అనేది ఒప్పుకోవాలె.

మట్టి సంగతి కూడా అప్పుడు కండ్లముందే ఉండేది. రోడ్డు పక్కనే తవ్వి, గంపలతో ఎత్తి, కట్ట మీద పోసేటోళ్లు. పాలమూరు కూలీలు గుడిసెలేసుకొని నెలలు నెలలు ఉండేది నేను చూసిన. ఎంత లోతు తవ్విన్రో కొలవడానికి గుంత నడుమ చిన్న చిన్న దిమ్మలు వదిలేటోళ్లు. దీనికి రాత నియమం సుత ఉంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అని 1934లో పెట్టిన సంస్థ ఉంది, దేశంల రోడ్డు ఇంజనీర్లకు అది చెప్పిందే వేదం. చేతిపనితో రోడ్డుకట్టకు మట్టి తీసే గుంతలు ఎట్లుండాలె అని వాళ్లు 1961లోనే ఒక చిన్న పుస్తకం తెచ్చిన్రు. కేంద్ర రోడ్డు శాఖ నిర్దేశాల పుస్తకం, ఇంజనీర్లు నారింజ అట్ట పుస్తకం అంటరు, దాంట్ల ఇప్పటికీ ఉంది: రోడ్డు పక్క తీసే గుంత లోతు మీటరున్నర దాటొద్దు. 300 మీటర్లకొకసారి కనీసం 8 మీటర్ల వెడల్పు గట్టు వదలాలె. నీళ్లు నిలవకుంట గట్ల నడుమ చిన్న కాలువ తీయాలె. పైమట్టిని, అంటే జానెడు లోపు సారమున్న మట్టిని, ముందుగాల తీసి పక్కకు కుప్ప పోసి, తర్వాత కట్ట వాలుల మీదికి వాడాలె.

ఈ నాలుగు ముక్కలు నాకు ముందే తెలిసి ఉంటే నా చెల్క ఇప్పుడు చెరువు అయ్యేది కాదు. ఆ కథ తర్వాత చెప్త.

1984ల భోపాల్ గ్యాస్ దుర్ఘటన అయినంక 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. దాని కింద 1994 జనవరి 27న ఒక నోటిఫికేషన్ ఇచ్చిన్రు. పెద్ద పనులు మొదలుపెట్టే ముందు ప్రభావం ఎంతనో లెక్కగట్టి కేంద్రం అనుమతి తీసుకోవాలె అని దాని సారం. 2006 సెప్టెంబర్ 14న దాని జాగాల కొత్తది వచ్చింది. ఇప్పటికీ నడుస్తున్నది అదే. దాని ప్రకారం కొత్త జాతీయ రహదారి ఏదైనా సరే కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి కావాలె, ముందు జిల్లాల ప్రజాభిప్రాయ సేకరణ పెట్టాలె. ఉన్న జాతీయ రహదారిని వెడల్పు చేసుడు దగ్గర మాత్రం తలుపు కొంచెం తెరిచిన్రు. మొదట 30 కిలోమీటర్లు దాటితే అన్న లెక్క ఉండేది. 2013ల దాన్ని 100 కిలోమీటర్లు చేసిన్రు, అదనంగ తీసుకునే భూమి వెడల్పు సుత పెంచిన్రు. ఒక్క సంతకంతోటి చాలా రోడ్లు ఆ లెక్క బయటికి పోయినయి. రైల్వే లైన్లయితే ఆ జాబితాలనే లేవు. మన మనోహరాబాద్–కొత్తపల్లి లైను అయినా, ఇంకెక్కడి లైను అయినా ఈ అనుమతి అడిగే పని లేదు. ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలే.

చట్టం ఒక దిక్కు అయితే, డిపార్ట్‌మెంట్ల లోపల మార్పు తెచ్చింది చట్టం కంటే అప్పు అని నేను అంటా. ఇది చాలామందికి తెల్వదు. ఆర్ అండ్ బీల, జాతీయ రహదారుల సంస్థల ఉన్నోళ్లంతా సివిల్ ఇంజనీర్లు. ఒకలు కంకర చూస్తరు, ఒకలు డాంబర్ చూస్తరు, ఒకలు బ్రిడ్జి చూస్తరు. చెట్టు, చెరువు, గాలి చూసుడు ఎవరి కుర్చీ పని కాదు. ప్రపంచ బ్యాంకు మీద దునియా అంతట విమర్శలు వచ్చి, ఎనభైల ఆఖర్ల అది ఒక షరతు పెట్టుకుంది: మా అప్పుతో చేసే పనికి పర్యావరణ లెక్క ముందుగాల చూపెట్టాలె. 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రహదారుల ప్రాజెక్టుకు ఆ బ్యాంకు 35 కోట్ల డాలర్ల అప్పు ఇచ్చింది. మరుసటేడు రోడ్డు అభివృద్ధి కార్పొరేషన్ వచ్చింది. 2009లో మళ్లొక అప్పు, 32 కోట్ల డాలర్లు. ఈ అప్పుల ఎంబడే "పర్యావరణ యాజమాన్య ప్రణాళిక" అనే పుస్తకం మన రోడ్డు పనులలోకి వచ్చింది. ఎన్ని చెట్లు పోతయి, ఎన్ని పెట్టాలె, మట్టి ఎక్కడ తీయాలె, కూలీల క్యాంపుల దొడ్లు ఎట్ల, దుమ్ము లేవకుంట నీళ్లు ఎన్నిసార్లు కొట్టాలె, అన్నీ దాంట్ల ఉంటయి. డిపార్ట్‌మెంట్‌ల పర్యావరణం చూసేటోళ్లకు ఒక కుర్చీ కూడా వేసిన్రు.

కుర్చీ వచ్చింది, మంచిదే. కానీ ఆ కుర్చీ అప్పు ఇచ్చినోడి కోసం వేసింది, వాగు కోసం కాదు. అప్పు పని అయిపోతే కుర్చీ ఖాళీ. మన సొంత పైసలతో వేసే రోడ్లకు అదే డిపార్ట్‌మెంట్ పాత పద్ధతిలనే పోయేది. ఒక్క ఇంట్లనే రెండు వంటలు అన్నట్టు.

జాతీయ రహదారుల సంస్థ కథ ఇంకో తీరు. చట్టం 1988ది, పని మొదలైంది 1995ల. వాళ్లు సొంతంగ రోడ్డు వేయరు. కాంట్రాక్టరుకు ఇస్తరు, మీద చూసుడు కన్సల్టెంటుకు ఇస్తరు, వాళ్లు కాగితాలు చూస్తరు. మన రాజీవ్ రహదారి రాష్ట్ర రోడ్డు అయినా, దాన్ని నాలుగు లైన్లు చేసింది కూడా ప్రైవేటు వాళ్లు పెట్టుబడి పెట్టి టోలు వసూలు చేసుకునే పద్ధతిలనే. ఈ పద్ధతుల ఒప్పంద పత్రం ఎట్లుంటదో చదివితే, మన బాధ్యత ఎట్ల ముక్కలైందో కండ్లకు కట్టినట్టు కనబడతది. పర్యావరణ అనుమతి, చెట్లు కొట్టే అనుమతి తెచ్చుడు సర్కారు సంస్థ పని. మట్టి తీసే అనుమతి, రాళ్ల క్వారీ అనుమతి, నీళ్లు తోడే అనుమతి, క్రషరుకు పొల్యూషన్ బోర్డు సమ్మతి తెచ్చుకునుడు కాంట్రాక్టరు పని. అందుల ఒక ముక్క మనోళ్లు గుర్తుపెట్టుకోవాలె: క్రషరు పెట్టాలంటే గ్రామ పంచాయతీ అనుమతి కూడా ఆ జాబితాల రాసి ఉంటది. మన సర్పంచుల ఎంతమందికి ఈ సంగతి తెలుసో! ఇగ ఇవన్నీ సరిగ్గ నడుస్తున్నయా అని చూసుడు కన్సల్టెంటు పని. వాళ్ల దగ్గర ఒక పర్యావరణ నిపుణుడు పేరుకు ఉంటడు.

ఇప్పుడు నా కథ. ఏ రోడ్డో, ఏ కంపెనీనో చెప్పను. ఎందుకంటే ఏ రోడ్డు అయినా ఇట్లనే ఉంటదని నా అనుమానం.

మా గుట్టవారకు నాకు ఎకరం కంటే కొంచెం తక్కువ చెల్క ఉండె. రాళ్లు, మొరం. జొన్న, కంది తప్ప ఏం పండేది కాదు. రోడ్డు పనోళ్లు వచ్చి, 20 గుంటల మొరం తీసుకుంటం, నాలుగైదు ఫీట్లే తీస్తం, మీదిమట్టి పక్కకు పెట్టి మళ్లా పరిచి సదును చేసి ఇస్తం, అన్నరు. 40 వేలు చేతుల పెట్టిన్రు. కాగితం రాసుకోలే. తప్పు నాది సుత ఉంది, దాచిపెట్టను. రాత్రిపూట జేసీబీలు పెట్టిన్రు. వారం దినాలకు పోయి చూస్తే ఇద్దరు మనుషుల లోతు. పైమట్టి కుప్ప ఏది అంటే అది సుత టిప్పర్లల పోయింది. వాన పడ్డది, గుంత నిండింది. సదును చేసే బండి ఇప్పటిదాక రాలే.

అదే రోడ్డు మా పొలం మీది దిక్కు పోతది. పాత సడకుకు అక్కడ మూడు కండ్ల రాతి మోరీ ఉండె. కొత్తగ కట్ట ఎత్తు లేపి, రాతి మోరీ తీసి, దాని జాగాల ఒక్క సిమెంటు పైపు వేసిన్రు. ఆ వానాకాలం నా 30 గుంటల వరి ఐదు రోజులు నీళ్లల మునిగి ఉంది. నాటు వేసి పదిహేను దినాలు కూడా కాలే. పక్కోళ్లది అయితే ఎకరంన్నర పోయింది.

సైటు కాడికి పోయిన. సూపర్‌వైజరు డ్రాయింగ్ల ఒక్క పైపే ఉంది, మేం డ్రాయింగు ప్రకారం చేసినం, అన్నడు. డ్రాయింగు ఎవరు చేసిన్రు అంటే కన్సల్టెంటు అన్నడు. కన్సల్టెంటు ఆఫీసుకు పోతే, మేము డ్రాయింగు చేసినోళ్లం కాదు, పని చూసేటోళ్లం, డ్రాయింగు చేసినోళ్లు వేరే కంపెనీ, వాళ్ల పని ఎప్పుడో అయిపోయింది, అన్నరు. సర్కారు ఆఫీసుకు పోతే, కాంట్రాక్టరు ఇన్నేండ్లు రోడ్డు చూసుకోవాలె, ఆయన్నే అడుగు, అన్నరు. ఆర్డీవో ఆఫీసుల భూమి పోతేనే మేము, నీళ్లు ఆగితే మేము కాదు, అన్నరు. ఎవరూ అబద్ధం చెప్పలే. అందరి మాట వాళ్ల వాళ్ల కాగితం ప్రకారం నిజమే. నడుమ నా వరి కుళ్లింది.

ఆ తిరుగుడుల ఒక పిల్లగాడు దొరికిండు. కన్సల్టెంటు దగ్గర పర్యావరణం చూసే ఆయన. మంచోడు, చాయ్ తాపిండు. "కాకా, నాకు ఐదు రోడ్లు ఉన్నయి. నెలకు ఒక్కసారి వస్త. మా ఫారంల నీటి ప్రవాహానికి అడ్డంకి ఉందా అని ఒక గడి ఉంటది. లేదు అని రాస్తే ఎవలూ అడగరు. ఉంది అని రాస్తే వంద ప్రశ్నలు, బిల్లు ఆగుతది, నా ఉద్యోగం సుత ఆగుతది" అన్నడు. ఆయన జీతం ఎవరిస్తరు అని అడిగిన. ఆయన నవ్విండు.

చివరికి పని అయింది ఎట్లనో చెప్త, ఇది మీకు పనికొస్తది. మా ఊళ్లె రిటైరైన గ్యాంగు కూలీ ఒకాయన ఉండె, కాలం చేసిండు ఈ మధ్యనే. ఆయన అన్నడు: "మోరీకి నంబరు ఉంటది బిడ్డా. కిలోమీటరు నంబరు మీద, మోరీ నంబరు కింద. దరఖాస్తుల ఊరి పేరు రాస్తే వాళ్లకు తెల్వది. మోరీ నంబరు రాయి." పాత రాయి కంపల దొరికింది. ఆ నంబరు రాసి, పాత మోరీకి మూడు కండ్లు, కొత్తదానికి ఒక్క పైపు అని రాసి, తారీకు వేసిన ఫోటోలు పెట్టి, ఒక్కటే దరఖాస్తు నాలుగు ఆఫీసులకు ఒక్కరోజే ఇచ్చిన. నాలుగింట్ల ముద్ర వేయించుకున్న. ప్రతి దాంట్ల మిగిలిన ముగ్గురికి కూడా ఇచ్చిన అని రాసిన. ఇగ ఒకలి మీద ఒకలు నెట్టే పని కుదరలే. రెండో వానాకాలం దాటినంక పక్కన ఇంకో పైపు వేసిన్రు. గుంత మాత్రం అట్లనే ఉంది. దానికి కాగితం లేదు కదా.

మట్టి గురించే ఇంకొక పెద్ద సంగతి ఉంది. 2020 మార్చి 28న, అంటే దేశమంత లాక్‌డౌన్ల ఇంట్ల కూసున్నప్పుడు, కేంద్ర పర్యావరణ శాఖ ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. రోడ్లు, పైపులైన్ల వంటి పొడుగు పనులకు మామూలు మట్టి తీయాలంటే ముందు పర్యావరణ అనుమతి అక్కర్లేదు అని. ఎంత మట్టి, ఎంత లోతు, ఎంత జాగా, హద్దు ఏమీ లేదు. ముందుగాల జనాన్ని అడిగే పద్ధతి సుత పాటించలే. దాని మీద కేరళ ఆయన ఒకరు కొట్లాడిండు. 2024 మార్చి 21న సుప్రీంకోర్టు ఆ మినహాయింపును కొట్టేసింది. జస్టిస్ అభయ్ ఓకా, జస్టిస్ సంజయ్ కరోల్ ఇచ్చిన తీర్పు. హద్దులు లేని మినహాయింపు తోచినట్టు ఇచ్చినదే అవుతది, లాక్‌డౌన్ల అంత తొందర ఏమొచ్చింది, అని కోర్టు తప్పుపట్టింది. నాలుగేండ్లు దేశమంతట రోడ్లకు పోసిన మట్టి ఎన్ని గుంతలు చేసిందో ఎవరు లెక్క పెట్టాలె?

మన దిక్కు ఇది ఎందుకు ముఖ్యం అంటే, రోడ్డు కట్ట అంటే మొదట కావల్సింది మట్టి. 100 మీటర్ల వెడల్పు భూమి తీసుకొని, నాలుగు లైన్ల కట్ట పోస్తే, ఒక్క కిలోమీటరుకు ఎన్ని వేల టిప్పర్లు కావాలెనో మీరే ఊహించుకోండి. అది మన గుట్టలల నుంచి, చెల్కల నుంచి, చెరువు శిఖాల నుంచి రావాల్సిందే. చెరువు మట్టి తీసుడు అంటే చెడ్డ అని కాదు. మిషన్ కాకతీయల 2015 నుంచి మనమే పూడిక మట్టి పొలాలకు తోలుకున్నం. అది పైన ఉన్న నల్ల ఒండ్రు, దాన్ని జానెడు జానెడు తీసినం. రోడ్డోళ్లకు కావల్సింది ఒండ్రు కాదు, కింద ఉన్న మొరం. అంటే చెరువు అడుగు పొర. అది తెగితే నీళ్లు నిలవవు, ఇంకిపోతయి. ఒకకాడ బాయిలకు నీళ్లొస్తయేమో గాని ఆయకట్టు ఎండుతది. చెరువు మట్టికి అనుమతి ఇచ్చేటప్పుడు ఏ పొర, ఎంత లోతు అన్నది రాయించకపోతే తర్వాత ఎవరూ చేసేది ఉండదు.

ఇగ చేవెళ్ల మర్రిచెట్ల ముచ్చట. పేపర్ల చాలాసార్లు చూసే ఉంటరు. హైదరాబాద్–బీజాపూర్ రోడ్డు, జాతీయ రహదారి 163. పోలీస్ అకాడమీ కాడి నుంచి మన్నెగూడ దాక 46 కిలోమీటర్లు. దాని రెండు పక్కల నిజాం కాలపు మర్రిచెట్లు 900 దాక ఉన్నయి. వెడల్పు చేస్తం, చెట్లు తీస్తం, అన్నరు. 100 కిలోమీటర్లు దాటని విస్తరణ కాబట్టి ముందస్తు పర్యావరణ అనుమతి లెక్కల అది పడలే. చెట్ల మీద ప్రేమ ఉన్న కొందరు జాతీయ హరిత ట్రిబ్యునల్ చెన్నై బెంచికి పోయిన్రు. పని ఆగింది. ఏండ్లు గడిచినయి. చివరికి 2025 అక్టోబర్ ఆఖర్ల స్టే తొలగింది, ఎక్కువ చెట్లు ఉంచి, తప్పనివి వేరేకాడ నాటే తీరుగ డిజైన్ మార్చినంక. స్టే పోయిన రెండు మూడు రోజులకే, నవంబర్ 3న, అదే రోడ్డు మీద మీర్జాగూడ కాడ కంకర టిప్పరు ఆర్టీసీ బస్సును గుద్దింది. దాదాపు ఇరవై మంది పోయిన్రు. ఒక్క ఇంటి ముగ్గురు అక్కాచెల్లెండ్లు సుత ఉన్నరు అందుల.

ఆ రోజు జనం చెట్ల వాళ్లను తిట్టిన్రు. నేను తిట్టలేను, మెచ్చుకోను సుత. పిల్లలు పోయినోళ్ల ముంగట మర్రిచెట్టు ముచ్చట చెప్పే మొఖం ఎవరికి ఉంటది? కానీ నాకు ఒక్కటి తోచింది. చివరికి ఏ డిజైన్‌తో రోడ్డు పని మొదలైందో, చెట్లు ఎక్కువ ఉంచి వేసే ఆ డిజైన్, అది మొదటి రోజే ఎందుకు గీయలే? చెట్లను లెక్కించే పని ముందే డిపార్ట్‌మెంట్ల ఒకరి బాధ్యతగ ఉండి, రోడ్డు గీత గీసే ముందే ఆయన మాట వినుంటే, అన్నేండ్లు ఆగే పనే ఉండకపోవు. పర్యావరణం పని చివర్ల తగిలించిన కాగితం అయితే రోడ్డూ ఆలస్యమైతది, చెట్టూ మిగలదు. ఆ ఆలస్యానికి ధర కట్టింది ఇంజనీరూ కాదు, చెట్ల ప్రేమికుడూ కాదు, ఆ బస్సుల కూసున్నోళ్లు.

చెట్లు నాటే లెక్క గురించి రెండు ముక్కలు. 2015లో కేంద్రం హరిత రహదారుల విధానం అని తెచ్చింది. ప్రాజెక్టు ఖర్చుల నూటికి ఒక్క రూపాయి చెట్లకు పక్కన పెట్టాలె అని. అదే ఏడు మన రాష్ట్రంల హరితహారం మొదలైంది. రాజీవ్ రహదారి మీద ములుగు, గౌరారం దిక్కు పోతుంటే పచ్చగ కనబడతది, అబద్ధం ఆడొద్దు, బాగనే కాపాడిన్రు. కానీ రోడ్డు నడుమ పెట్టేది గన్నేరు, కాగితం పూల చెట్టు. ఎదురు బండి లైటు కండ్లల కొట్టకుంట అవి పనికొస్తయి. చింతచెట్టు కింద ఎడ్లబండి ఆపుకొని సద్ది తిన్న మనిషికి గన్నేరు చెట్టు ఏం నీడ ఇస్తది? లెక్కల మాత్రం చింతచెట్టూ ఒకటే, గన్నేరు మొక్కా ఒకటే. వందేండ్ల చెట్టు పోయింది, పది మొక్కలు పెట్టినం, అని రాసుకుంటరు.

ఇప్పుడు రింగురోడ్డుకు వద్దాం. ఉత్తర భాగం సంగారెడ్డి నుంచి నర్సాపూర్, తూప్రాన్, గజ్వేల్, జగదేవ్‌పూర్, భువనగిరి మీదుగ చౌటుప్పల్ దాక, 160 కిలోమీటర్ల పైచిలుకు. 2024 డిసెంబర్‌లో ఐదు ముక్కలుగ టెండర్లు పిలిచిన్రు. మూడో ముక్క ఇస్లాంపూర్ నుంచి ప్రజ్ఞాపూర్, నాలుగోది ప్రజ్ఞాపూర్ నుంచి రాయగిరి. అంటే మన ప్రజ్ఞాపూర్ కాడ ఇద్దరు కాంట్రాక్టర్ల హద్దు పడొచ్చు. హద్దు కాడ ఉన్న వాగు ఎవరిది అని తర్వాత కొట్లాడుకునే బదులు ఇప్పుడే రాసి పెట్టుకోవాలె. దీనికి తోడు మన దిక్కు కొండపోచమ్మ సాగర్ కాలువలు ఉన్నయి. మల్లన్నసాగర్‌ల ఊర్లు పోయి గజ్వేల్ కాడికి వచ్చినోళ్లు ఉన్నరు. ఒకసారి అంతా వదులుకొని వచ్చినోళ్ల ముందు మళ్లా గీత గీస్తున్నరు. ఎవరికైనా కడుపు మండుతది.

ఇది పాత రోడ్డు వెడల్పు చేసుడు కాదు, కొత్త జాతీయ రహదారి. కాబట్టి 2006 నోటిఫికేషన్ మొత్తంగ వర్తిస్తది. ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు పేపర్ల నోటీసు వేయాలె. నివేదిక సారాంశం తెలుగుల ఉండాలె, కలెక్టరేట్ల మనం చూసేటట్టు పెట్టాలె. సభ కలెక్టరు గాని ఆయన పంపిన పెద్ద అధికారి గాని నడపాలె, వీడియో తీయాలె, మనం చెప్పిన అభ్యంతరాలు అక్కడనే చదివి వినిపించాలె. అట్లాంటి సభలల మనోళ్లు లేచి భూమి ధర ఒక్కటే మాట్లాడతరు. ధర సంగతి వేరే చట్టం, వేరే ఆఫీసు. జాతీయ రహదారుల చట్టం కింద భూమి మీద అభ్యంతరానికి నోటిఫికేషన్ నుంచి 21 రోజులే గడువు, అది అక్కడ ఇవ్వాలె. ఈ సభల మాట్లాడాల్సింది మోరీలు, వాగులు, చెరువు కట్టుకాలువలు, బాయిలు, మొరం, ఎడ్లు, ట్రాక్టర్లు దాటే తొవ్వ. ధర గురించి అరిచిన మాట మినిట్స్‌ల ఒక్క లైనుల పోతది. ఫలానా సర్వే నంబరు కాడ ఫలానా వాగు, వానాకాలంల ఇంత ఎత్తు పారుతది, అని చెప్పినది మాత్రం సంస్థ జవాబు రాయాల్సిన మాట అయితది.

సభ అయిపోయిన తర్వాత సుత మన పని అయిపోదు. అనుమతి ఇచ్చినప్పుడు షరతులు పెడతరు. ఆ షరతులు ఎంతవరకు పాటించినమో ప్రతి ఏడాది జూన్ 1న, డిసెంబర్ 1న సంస్థ రిపోర్టు ఇవ్వాలె. అది ఇంటర్నెట్ల అందరికీ కనబడాలె, పరివేష్ అనే సర్కారు సైటు ఉంది. ఇంటర్ చదివిన మన పిల్లలు ఫోన్లల తీసి చూడొచ్చు. ఆ రిపోర్టుల "నీటి ప్రవాహానికి అడ్డంకి లేదు" అని రాసి ఉండి, మన పొలంల నీళ్లు నిలిచి ఉంటే, ఆ పేజీని, మన ఫోటోను పక్కపక్కన పెట్టి పంపాలె. నాకు పరిచయమైన ఆ పిల్లగాడు రాసే గడి అదే.

రింగురోడ్డు గీత మన మండలంల ఏయే వాగులు, కుంటల కాలువలు దాటుతదో నేను ఊరూరికీ పోయి ఒక నోటుబుక్కుల రాస్తున్న. ఇప్పటిదాక పదకొండు దొరికినయి, ఇంకా ఉన్నయి. మీ పొలం కాడ పాత మోరీ ఏదన్నా ఉంటే ఎన్ని కండ్లు, ఏ వెడల్పు, నిండు వానల నీళ్లు ఎంత ఎత్తుకు పారుతయి, సర్వే నంబరు ఎంత, రాసి ఫోటోతో పంపండి. టేపు లేకపోతే చేతికర్రతో కొలిచినా సరే, కర్ర పొడుగు రాయుండ్రి. వానాకాలం మొదలుకాక ముందు పంపితే మంచిది. గుంత చుట్టు తుమ్మ కంప కొట్టే పని ఉంది నాకు, బర్రెలు దిగుతున్నయి.